ట్యాంకులో కుడి మూల

"కొత్తాకా, పాతాకా?"

మా మామగారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఫిష్ ట్యాంకులో మొక్క పాడైతే ఫోటో తీసి ఈయనకే పంపుతారు, ఏమైందండీ దీనికి అని. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకి ఆనించుకుని, ముందు ఈ మాట అంటారు. కింద పాతాకులు పసుపెక్కితే తిండి చాలక మొక్క తన పాతాకుల్నే తిని కొత్తాకుకి పెడుతోందని అర్థం. కొత్తాకు పాలిపోయి పుడితే ఇనుము చాలలేదని. ఆకు నడిమధ్య సూది గుచ్చినట్టు చిల్లు పడి, చుట్టూ పసుపు అంచు కడితే పొటాషియం. అంచులు కొరికినట్టుంటే నత్తలు. ఆకు గాజులా అయిపోయి, పట్టుకుంటే వేళ్ళ మధ్య జావైపోతే నీళ్ళలో ఏదో మారిందని. ఇవన్నీ నాకు ఆయనే నేర్పారు. ప్రేమగా నేర్పారనుకునేరు. ఒక్కో ఆకుకి ఒక్కో తిట్టు చొప్పున నేర్పారు.

ఆయన ఉద్యోగమంతా స్టీల్‌ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ పనే. కడ్డీ మీద వెంట్రుకవాసి పగులున్నా పట్టుకుని, సుద్దముక్కతో అడ్డగీత గీసి పక్కన పడేయించాలి. రిటైరయ్యాక సుద్దముక్క పోయింది గానీ గీత గీసే అలవాటు పోలేదు. పప్పులో తాలింపు మీద ఒక గీత, మా ఆయన క్షవరం మీద ఒక గీత, నా మాట మీద రోజూ ఎన్నో గీతలు. ఆయన గీత గీయనిది ఈ లోకంలో ఒక్కటే ఉంది, హాల్లో గోడకి ఆనించి పెట్టిన ఆ ట్యాంకు. అందులో రంగు చేపలు పేరుకే. ఆయన ప్రాణమంతా మొక్కల మీదే. మధ్యలో చెంచాల్లాంటి వెడల్పాకుల స్వోర్డు మొక్క, వెనక పొడుగ్గడ్డి, ఎడమ పక్క రాయికి దారంతో కట్టిన జావా ఫెర్ను. కుడి మూల ఇంకో స్వోర్డు, అన్నిటికంటే పెద్దది. మేత వేసే చిన్న మూత సరిగ్గా దాని మీదే తెరుచుకుంటుంది.

మాది ఒడ్డు. నాన్న వేటకెళ్ళేవాడు. అమ్మ హార్బర్లో వేలంపాటలో చేపలు కొని, గంపలో పెట్టుకుని అమ్మేది, ఇప్పటికీ అమ్ముతోంది. వీళ్ళది గోదావరి పక్క. మామగారి ఉద్యోగం కోసం వచ్చి ఉక్కునగరం క్వార్టర్లలో దిగారు. తర్వాత మా ఆయనకీ అదే ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు క్వార్టరు మా ఆయన పేరు మీదే ఉంది గానీ, ఇల్లెవరిదంటే మామగారిదే. మేమిద్దరం ఇష్టపడి చేసుకున్నాం. వాళ్ళు ఇష్టపడకుండా ఒప్పుకున్నారు.

కాపురానికి వచ్చిన కొత్తలో "ఉండండి అత్తయ్యగారూ, నాను సేత్తాను" అన్నాను. మామగారు పడీపడీ నవ్వి, పక్క క్వార్టరాయన్ని పిలిచి, "ఏదమ్మా, మళ్ళీ ఒక్కసారి అను" అన్నారు. ఆయన ముందు మళ్ళీ అనిపించుకున్నారు కూడా. అప్పట్నించి ఆ ఇంట్లో నేను "నేను" అయిపోయాను. ఒళ్ళు మండితే మాత్రం ఇప్పటికీ నాను నానే.

నాన్న పోయాక అమ్మకి ఆ పేటలో ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. మాకు పాప పుట్టింది. దాంతో అమ్మకి ఆదివారం అనేది ఒకటి వచ్చింది. పొద్దున్నే బేరం ముగించి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఆ వారం దొరికిన మంచి చేప సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. సోఫాలో కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోలేదు. ట్యాంకు ముందు నేల మీద చతికిలపడి పాపని ఒళ్ళో వేసుకునేది. దాని వేళ్ళు లెక్కపెట్టేది, దాని పాదాలు బుగ్గలకి ఆనించుకునేది, దాని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయేది. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మిగిలిన వారమంతా దానికోసం బతికేది మా అమ్మ. నేను చెప్పేదంతా ఆ ఆదివారం గురించే.

ఒకసారి పాప మేతమూత తెరవమని మారాం చేసింది. అమ్మ తెరిచి, ఊరికే వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. ఒడ్డున పుట్టినవాళ్ళకి నీళ్ళు కనపడితే అలవాటది. "ఓలమ్మా, ఎంత సప్పగున్నాయే ఈ నీల్లు! ఈటిలో ఎలగ బతుకుతన్నాయే ఇయ్యి!" అని నవ్వింది. మామగారు పేపరు వెనకాల నుంచి చూశారు. అప్పుడేమీ అనలేదు. అమ్మ వెళ్ళాక బకెట్లు తెప్పించి, మా ఆయన చేత సగం నీళ్ళు తోడించి పారబోయించారు.

"ఆ చేతుల్తో పొద్దుట్నించి ఏం కోసిందో ఏమో," అన్నారు.

రాత్రి భోజనంలో అమ్మ తెచ్చిన కోనాం చేప పులుసు. మామగారు మూడోసారి వడ్డించుకున్నారు. ఆ చేతుల్తోనే కోసిందండీ ఇది కూడా, అని నాలిక చివరిదాకా వచ్చింది. పులుసు గిన్నె ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కుడి మూల స్వోర్డుకి రోగం మొదలైంది.

పెద్దాకు మీద మొదట చిన్న చిన్న మచ్చలు, నూనె చుక్క పడ్డ కాగితంలా. రెండ్రోజులకి అవి గోధుమరంగు తిరిగి చిల్లులైపోయాయి. కొత్తాకు చివర కుళ్ళి రాలింది. మామగారు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి మరీ చూసేవారు. ఇనుము చాలలేదన్నారు, సీసా తెచ్చి చుక్కలు పోశారు. వాకింగులో ఈ సంగతి చెప్తే తోటి రిటైర్డాయన, "ఉక్కునగరంలో ఇనుము కరువొచ్చిందేంటండీ!" అన్నాడట. ఆ ఉక్రోషం ఇంటికొచ్చి కాఫీ మీద తీర్చుకున్నారు. తర్వాత పొటాషియం అన్నారు. లైటు మార్చారు. ప్లాంటు నుంచి కిటికీల్లోంచి వచ్చే నల్లదుమ్మే కారణమని, ట్యాంకు వైపు కిటికీ మూయించేశారు. నత్తల్ని ఏరి బాల్కనీలో చెప్పుతో నలిపారు. ఒక్కొక్కటీ టప్ టప్‌మని పగులుతుంటే లోపల పాపకి పాలు పడుతున్న నాకు వినపడేది.

రోగం మాత్రం ఆయన పాఠాల్లో దేనికీ దొరకలేదు. పాతాకూ పోతోంది, కొత్తాకూ పోతోంది. అదీ కుడి మూలే ఎక్కువ. మధ్యలో స్వోర్డుకి కొంచెం, పొడుగ్గడ్డి కొసలకి కొంచెం. ఎడమ పక్క జావా ఫెర్నుకి మాత్రం ఏమీ లేదు, నిగనిగలాడుతోంది. పాతాకా కొత్తాకా అని అడిగే మనిషి ఆ ప్రశ్న వదిలేసి కొత్త ప్రశ్న మొదలుపెట్టారు. ఏ రోజు? ఏ రోజు పోతోంది?

ఒక సోమవారం రాత్రి కంచాల ముందు పంచాయతీ పెట్టారు. మా ఆయన జనరల్ షిఫ్టులో ఉన్నాడు కాబట్టి అందరం ఉన్నాం.

"నేనెవర్నీ ఏమీ అనట్లేదు," అన్నారు. ఆయన అలా మొదలుపెడితే ఎవర్నో అంటారని మాకు తెలుసు. "ఆదివారం సాయంత్రం దాకా బాగుంటోంది. సోమవారం పొద్దున్నకి మచ్చ పడుతోంది. నాలుగు వారాల్నించి చూస్తున్నా. ఆదివారం ఈ ఇంటికి ఎవరొస్తారు? మీరే చెప్పండి."

"మా అమ్మ వస్తుంది," అన్నాను.

"నేననలేదు. నువ్వే అన్నావు."

మా ఆయన వైపు చూశాను. వేళ్ళతో అన్నం మెతుకులు ఒకచోటికి తోసుకుంటున్నాడు. అత్తగారు చేపముక్కలో ముల్లు ఏరుకుంటూ తల వంచుకుని ఉన్నారు. ఆవిడ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో అప్పుడు నాకు తెలీదు.

మరుసటి ఆదివారం అమ్మ గడపలో చెప్పులు విప్పుతుండగానే మామగారు ప్లాస్టిక్ బేసినులో నీళ్ళూ సబ్బూ పట్టుకుని ఎదురొచ్చారు. "చేతులు కడుక్కోమ్మా. మోచేతుల దాకా. తప్పుగా అనుకోకు, మొక్కలు సున్నితమైనవి." అమ్మ ఏమీ అనుకోలేదు. వీధి గుమ్మంలో, మెట్ల మీద నుంచి పై ఇంటివాళ్ళు దిగుతూ చూస్తుంటే, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. "సూడండి అన్నయ్యగారూ, పోయిందా?" అని చేతులు చాపి వాసన చూపించబోయింది కూడా, నవ్వుతూ. ఆయన రెండడుగులు వెనక్కేశారు. ఆ రోజు అమ్మని తలుపు పక్కన కూర్చోబెట్టారు. పాప ట్యాంకు దగ్గర నిలబడి, "అమ్మమ్మా, దా! చేప దా!" అని అరుస్తోంది. అమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "నువ్వే రా బంగారూ, నా కాల్లు నొప్పి," అంది. మా అమ్మకి కాళ్ళ నొప్పి! గంప నెత్తినెత్తుకుని ఊరంతా తిరిగే మనిషికి!

సోమవారం పొద్దున్నకి మళ్ళీ మచ్చ పడింది. ఈసారి ఒకేసారి మూడాకులకి.

అమ్మ దగ్గరికే రాలేదు కదా అన్నాను, గట్టిగానే అన్నాను. మామగారి దగ్గర దానికీ సమాధానముంది. "పాప చేతికేదో ఇచ్చి వేయించి ఉంటుంది. ఎండుచేపో ఏదో. పసిపిల్లకేం తెలుసు?" అని తీర్పు చెప్పేశారు. "రావద్దనట్లేదు. కొన్నాళ్ళు. మొక్క తేరుకునేదాకా. చేపలంటావా, అబ్బాయి బస్టాపుకెళ్ళి తెచ్చుకుంటాడు."

చేపలు కావాలి. చేపల మనిషి వద్దు.

"నాన్నగారి సంగతి నీకు తెలుసు కదా," అన్నాడు మా ఆయన, గదిలోకి వచ్చాక. తెలుసు. నీ సంగతే తెలీలేదు అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.

ఫోన్ నేనే చేయాల్సొచ్చింది. మొక్కలు పాడైపోతున్నాయనీ, కొన్నాళ్ళు ఎవర్నీ హాల్లోకి రానివ్వట్లేదనీ అటూ ఇటూ తిప్పి చెప్పాను. అమ్మ చేపలమ్మే మనిషి, బేరంలో మాట ఎటు తిరుగుతుందో తెలీనిదా? "అలగేనమ్మా. మొక్కలు గదా, ఆటికీ పేనం ఉంతాది," అంది.

నువ్వే పాపని తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటారేమో. వెళ్ళాను. తిరిగొచ్చాక పాపకి ముక్కు కారింది. ఇక చూస్కోండి, ఆ ఒడ్డు గాలి, ఆ కంపు, ఆ ఇల్లు అని అది తగ్గేదాకా సాధించారు. మళ్ళీ వెళ్తానంటే మా ఆయనే చేతులు జోడించాడు. ఆదివారాలు మా ఆయన బైకేసుకుని బస్టాపుకెళ్ళేవాడు. అమ్మ సంచితో నిలబడి ఉండేది. గుంటని తేలేదా బాబూ అని పాప కోసం అడిగేదట. ఎండగా ఉందనో, పడుకుందనో చెప్పి సంచి అందుకుని వచ్చేసేవాడు. ఆమె మళ్ళీ రెండు బస్సులు మారి వెనక్కి పోయేది. ఆ చేప నేనే కడిగి, కోసి, వండి వడ్డించేదాన్ని. బాగుందనేవారు.

అన్నిటికంటే పాపిష్టి సంగతి ఏంటంటే, మొక్క తేరుకుంది.

అమ్మ రావడం మానేశాక కొత్త మచ్చ పడలేదు. పాడైనాకులు కత్తిరించేశారు. కుడి మూల స్వోర్డు నడుమ నుంచి లేతాకుపచ్చగా చుట్టచుట్టుకున్న ఆకు లేచింది. మామగారు పేరు పెట్టి పిలవరు నన్ను, "అమ్మాయ్!" అని కేకేస్తారు. ఆ రోజు ఆ కేకలో పండగుంది. తడి చేతుల్తో పరిగెత్తుకెళ్ళాను.

"చూడు. ఎక్కడైనా మచ్చుందా? నేనేమన్నాను?"

ఏం చెప్పను? మచ్చ లేదు. ఆ క్షణంలో నాకే అనుమానమొచ్చింది, నిజంగా అమ్మ ఏదైనా వేసేదా అని. ఇంట్లో రోజూ వినే మాట నమ్మినా నమ్మకపోయినా చెవిలో పడ్డది పోదు కదా. అలా నన్ను మా అమ్మ మీదే అనుమానపడేలా చేసినందుకు ఆ మనిషిని ఈ జన్మలో క్షమించను.

పాపకి అప్పటికి మూడేళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం హాల్లో బొమ్మతో ఆడుకుంటోంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. బొమ్మని నేల మీద కూర్చోబెట్టి, గుప్పిట మూసి, దాని చుట్టూ తిప్పుతోంది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి.

"ఇలుగు దిట్టి, పొలుగు దిట్టి, అమ్మమ్మ దిట్టి, అమ్మమ్మ కల్లు దిట్టి, తూ, తూ, తూ."

తర్వాత లేచి ట్యాంకు దగ్గరికెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, మేతమూత వైపు చెయ్యెత్తి గుప్పిట విప్పింది. ఉత్త గుప్పిటే. అందులో ఏమీ లేదు.

మడతపెడుతున్న లంగా పక్కన పెట్టాను.

"ఎవరు నేర్పారు బంగారం ఇది?"

"నానమ్మ. అమ్మమ్మ వెల్లిపోయాక. ఉప్పు."

లేచి మేతమూత ఎత్తి చూశాను. దాని కింద, గాజు అంచుకీ బందుకీ మధ్య, తెల్లటి పొర. ఎండిన బోటు చెక్క మీద చిన్నప్పుడు గోటితో గీకి ఎన్నిసార్లు తిన్లేదు ఆ పొర! గీకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. నికార్సైన ఉప్పు.

అంతా ఒక్కసారి సర్దుకుంది. రాళ్ళుప్పు గుప్పెడు పైనుంచి వదిలితే కరిగేలోపు సరిగ్గా కింద ఉన్న ఆకు మీద పడుతుంది, పడ్డచోటల్లా కాలుతుంది. కుడి మూలే ఎందుకంటే మూత అక్కడుంది కాబట్టి. కరిగిన ఉప్పు మిగిలినవాటిని కొంచెం కొంచెం తింటుంది. జావా ఫెర్ను కాస్త ఉప్పుకి ఓర్చుకునే మొక్క, అందుకే అది బతికింది. ఆదివారం ఎందుకంటే, నేను అమ్మని బస్సెక్కించడానికి వెళ్తాను, మామగారు వాకింగుకి వెళ్తారు, మా ఆయన బయటికి పోతాడు, ఇంట్లో నానమ్మా మనవరాలూ మిగులుతారు. దిష్టి తియ్యడానికి సంధ్యవేళ, అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

అత్తగారు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అడిగాను. దాచలేదావిడ.

"అవునమ్మా, తీశాను. పిల్లకి తియ్యకపోతే ఎలా? నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు."

"ట్యాంకులో ఎందుకు వేశారండీ?"

"మరెక్కడ వెయ్యను? మా ఊళ్ళో అయితే గుమ్మం ముందే కాలవ. పారే నీళ్ళలో వదిలేస్తే ఉప్పుతో పాటు దిష్టీ కొట్టుకుపోయేది. ఇక్కడ పారే నీళ్ళెక్కడున్నాయి? సింకులో వేద్దామంటే ఎంగిలి. ఆ ట్యాంకులో మీ మావయ్యగారు మోటారు పెట్టారు కదా, నీళ్ళు తిరుగుతానే ఉంటాయని..."

"మొక్కలు అందుకే పోతున్నాయని మీకు తెలీదా?"

ఈనె తీసి పక్కన పెట్టారు. "మొదట్లో తెలీదు. తర్వాత అనుమానమొచ్చింది. చెప్తే మీ మావయ్యగారు నన్ను బతకనిస్తారా?"

అంటే ఆవిడకి పడాల్సిన తిట్లు మా అమ్మకి పడ్డాయి. అదీ సంగతి. ఆ తిట్టే కదా, ఎవరికైతేనేం!

"అయినా అమ్మమ్మ దిష్టి ఏంటండీ?" అన్నాను. "ఇరుగూ పొరుగూ అయ్యాక మా అమ్మొక్కతేనా? మా వైపు దిష్టి తీసేవాళ్ళు ముందు తమ కన్నే చెప్పుకుంటారు. నానమ్మ దిష్టి అని ఎందుకు అనలేదు మీరు?"

"నాది దిష్టి ఎలా అవుతుందమ్మా? నేను రోజూ చూసేదాన్ని." కోపంగా కాదు, పాఠం చెప్తున్నట్టు చాలా నెమ్మదిగా అన్నారు. "మీ అమ్మ మంచిదేనమ్మా, నేను కాదనను. ఆ చూపే... పిల్లని తినేసేలా చూస్తుంది. నువ్వే చూడలేదా?"

చూశాను. వారానికోసారి చూసే మనిషి అలాగే చూస్తుంది. కంచంలో పెట్టి లాక్కుంటారని తెలిసినవాళ్ళు అలాగే తింటారు. అది ఆవిడకి దిష్టిలా కనపడింది.

సాయంత్రం మామగారూ మా ఆయనా ఇద్దరూ ఉన్నప్పుడు హాల్లో చెప్పాను. మూత ఎత్తి ఆ పొర చూపించాను. మామగారు వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు. మొహం మాడిపోయింది. అత్తగారి మీద విరుచుకుపడ్డారు, స్వోర్డు మొక్కకి ఉప్పు పడుతుందా పడదా అన్న ఇంగితం లేదా అని. అదంతా మొక్క గురించే. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను ఎదురు చూస్తున్నాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు, పాపం మీ అమ్మని అనవసరంగా అన్నానమ్మా అంటారు అని, పిచ్చిదానిలా.

ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, నా వైపు చూశారు.

"సరే, ఉప్పు. అసలు ఉప్పెందుకు తియ్యాల్సొచ్చింది? మీ అమ్మ వచ్చినందుకు. ఆవిడ రాకపోతే ఉప్పు లేదు, ఉప్పు లేకపోతే మచ్చ లేదు. రూట్ కాజ్ అంటారు దీన్ని. నేను చెప్పినదాంట్లో తప్పేముంది?"

అప్పుడు లేచింది నాలో నాను.

"ఏటి మావయ్యగారూ, ఏటంతన్నారు? మా యమ్మ సేతులు కడిగించినారు, గుమ్మంలో కుక్కలాగ కూకోబెట్టినారు, బస్టాపుల నిలబెట్టినారు! సేసింది మీ ఇంటోల్లు, పడింది మా యమ్మ! ఆదివారం మా యమ్మ ఒత్తాది. ఈ క్వార్టరు నా మొగుడి పేరు మీదుంది. రానియ్యకపోతే నానూ నా కూతురూ ఈ గుమ్మం దాటిపోతాం, మీరూ మీ మొక్కలూ ఉండండి!"

"ఆ భాషేంటమ్మా," అన్నారు మామగారు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి తండ్రి ముందు ఒక వాక్యం అన్నాడు. "రానివ్వండి నాన్నగారూ." చొక్కా గుండీ వైపు చూస్తూ అన్నాడు గానీ, అన్నాడు.

గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. నీ తప్పు కాదమ్మా, నీ చేతులది కాదు, ఉప్పుది, ఆదివారం వచ్చెయ్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతల హార్బర్లో వేలంపాట అరుపులు.

"ఉప్పా? మంచినీల్ల తొట్టిలోకి ఉప్పెలగొచ్చిందే?"

అక్కడ ఆగాలి నేను. ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ అమ్మకి అబద్ధం చెప్పి చెప్పి అప్పటికే నోరు చేదెక్కిపోయి ఉంది. నీమీద పడ్డ మాట పూర్తిగా కడిగేద్దామని చెప్పేశాను. అత్తయ్యగారు దిష్టి తీసి వేశారని.

"ఎవుల దిస్టి?"

నేను మాట్లాడలేదు. వెనకాల వేలంపాటలో ఎవరో రేటు అరుస్తున్నాడు. అమ్మకి అర్థమైపోయింది.

"ఔనా," అంది. "మంచి పనే సేసినారమ్మా. అసలే నా కల్లు పెద్దయి," అంది.

ఆదివారం వచ్చింది. కోనాం తెచ్చింది. అడగకుండానే గుమ్మంలో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. అత్తగారు "రండి వదినగారూ" అని లేని నవ్వు నవ్వారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ట్యాంకు ముందు, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోబెట్టాను. పాప బొమ్మ తెచ్చుకుని వెనకాల చేరింది. అమ్మ ట్యాంకు వైపే తిరిగి కూర్చుంది. అలాగే ఉంది. పాప ఏదో చెప్తోంది, అమ్మ ఊఁ కొడుతోంది, తల మాత్రం తిప్పట్లేదు. అంతకాలం చూడక చూడక వచ్చిన మనిషి!

"ఇటు తిరుగమ్మా. పిల్లని చూడవేటి?"

"సూత్తన్నానే. అద్దంలో బాగానే కనిపిత్తంది." వేలితో ట్యాంకు గాజు చూపించింది. కుడి మూల స్వోర్డు ఆకుల మీద, నీళ్ళలో తేలుతున్నట్టు, పాప మొహం. "అద్దంలో సూత్తే తగల్దు."

"ఎవరన్నారు?"

"నానే అనుకున్నాను."

పాపకి విసుగొచ్చింది. ముందుకొచ్చి, రెండు చేతుల్తో అమ్మ గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "అమ్మమ్మా, నన్ను చూడు."

అమ్మ కళ్ళు మూసుకుంది. గట్టిగా మూసుకుని, చేతుల్తో దాని మొహమంతా తడుముకుంది. పాప అదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వి, తనూ కళ్ళు మూసుకుంది.

అమ్మని బస్సెక్కించి ఇంటికొచ్చేసరికి వంటింట్లో కుళాయి పారుతోంది. అత్తగారు పాపని చంకనేసుకుని బయటికొస్తున్నారు. నేను లోపలికెళ్ళి చూశాను. సింకులో కరగని ఉప్పురాళ్ళు రెండు ఇంకా ఉన్నాయి.

హాల్లోంచి మామగారు కేకేశారు. "అమ్మాయ్! ఇటు రా. చూడు, ఒక్క మచ్చ లేదు."